కొత్త కెర్నెల్‌తో ల్యాప్‌టాప్ లేవడం లేదు, అక్క థీసిస్ అందులోనే ఉంది

పేరు, ఊరు ప్రచురించవద్దన్న షరతుతో ఒక పాఠకుడు చాలా వివరంగా ఉత్తరం రాశారు. ఆయన బీటెక్ పూర్తిచేసి ఒక చిన్న సంస్థలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నారు. ఎంబెడెడ్ లినక్స్ (రౌటర్లు, టీవీల వంటి పరికరాల్లో నడిచే లినక్స్) వైపు మారాలని కోరిక. ఇంటర్వ్యూలకు వెళ్లినప్పుడల్లా "సొంతంగా కెర్నెల్ బిల్డ్ చేశారా?" అన్న ప్రశ్న ఎదురవుతుండడంతో, ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ మీదే ఆ పని మొదలుపెట్టారు. కెర్నెల్ అంటే హార్డ్‌వేర్‌ను నడిపించే, ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలమైన ప్రోగ్రాము, దాన్ని సోర్సు నుంచి తయారుచేయడమే బిల్డ్. అయితే ఆ ల్యాప్‌టాప్‌ను ఆయన, పిహెచ్‌డి చేస్తున్న వాళ్లక్క పంచుకుని వాడుకుంటున్నారు. థీసిస్ సమర్పించడానికి అక్కకు నెల రోజులే గడువుంది. అధ్యాయాలన్నీ అందులోనే ఉన్నాయి, వేరే చోట కాపీ లేదు. లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు 20.04 వేసినప్పుడు డిస్క్ మొత్తాన్ని పాస్‌వర్డ్ లేనిదే తెరవడానికి వీల్లేకుండా ఎన్‌క్రిప్ట్ చేశారు, తర్వాత 22.04కు అప్‌గ్రేడ్ చేశారు.

ఆయన చేసిన పని క్రమం ఇది. 6.6 కెర్నెల్ సోర్సు దించుకుని, అప్పటికి నడుస్తున్న 5.15 కెర్నెల్ కాన్ఫిగ్ ఫైలును (సెట్టింగుల జాబితాను) దానికి కాపీ చేశారు. సర్టిఫికెట్ ఫైలు దొరకలేదంటూ మొదట్లోనే బిల్డ్ ఆగిపోతే, నెట్‌లో చెప్పిన ప్రకారం ఆ సెట్టింగును ఖాళీ చేసి ముందుకు వెళ్లారు. సంతకం లేని కెర్నెల్‌ను లేవనివ్వని సెక్యూర్ బూట్‌ను బయోస్‌లో ముందే ఆపేశారు. బిల్డ్ ముగిసింది, మాడ్యూళ్లు (కెర్నెల్ అవసరమైనప్పుడు తెచ్చుకునే విడి భాగాలు) ఇన్‌స్టాల్ అయ్యాయి, కెర్నెల్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మాత్రం డిస్క్‌లో చోటు లేదన్న ఎర్రర్ వచ్చింది. బూట్‌కు కావలసిన ఫైళ్లుండే /బూట్ విభాగం ఏడువందల ఎంబీ చిల్లరే కాబట్టి అందులో పాతవిగా కనిపించిన ఫైళ్లను కొన్నింటిని ఆర్‌ఎం కమాండ్‌తో తీసేశారు. ఏవేవి తీశారో ఇప్పుడు సరిగా గుర్తు లేదట. ఆ తర్వాత ఒక వీడియోలో చూపినట్టు గ్రబ్ (ఆన్ చేయగానే కెర్నెల్‌ను లేపే ప్రోగ్రాము) జాబితాను తిరగరాసే అప్‌డేట్-గ్రబ్ కమాండ్‌ను చేత్తో నడిపితే "ఫౌండ్ లినక్స్ ఇమేజ్" అన్న వరుసలో 6.6 కనిపించింది. పని అయిపోయిందనుకుని రీబూట్ చేశారు.

ఎప్పుడూ అడిగే డిస్క్ పాస్‌వర్డ్ కూడా అడగకుండా తెర నిండా తెల్లటి అక్షరాలు పరుగెత్తి, "కెర్నెల్ ప్యానిక్ - నాట్ సింకింగ్: వీఎఫ్‌ఎస్: అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్‌ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్(0,0)" అన్న వరుస దగ్గర నిలిచిపోయాయి. క్యాప్స్ లాక్ దీపం ఆగకుండా మిణుకుమంటోంది. ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఒక జాబితా వచ్చింది గానీ, ఏది నొక్కితే ఏమవుతుందోనని ఆపేశారు. ఫార్మాట్ చేసి మళ్లీ వేసుకోమని స్నేహితుడు అంటున్నాడు. ఫోన్‌లో విని హార్డ్‌డిస్క్ కరప్ట్ అయిందని షాపతను తేల్చేశాడు. అత్తగారింటికి వెళ్లిన అక్క వచ్చే ఆదివారం తిరిగి వస్తారు. సమర్పణ అయ్యేదాకా ఆమెకు చెప్పవద్దని అమ్మ అంటున్నారు. థీసిస్ పోయినట్టేనా, ఫార్మాట్ చేయవచ్చా, అక్కకు చెప్పాలా వద్దా, ఈ కెర్నెళ్ల జోలికి ఇక వెళ్లకూడదా అన్నవి ఆయన ప్రశ్నలు.

*

మీ ఉత్తరంలో అన్నిటికంటె విలువైన వాక్యాన్ని మీరు మధ్యలో ఎక్కడో ఫిర్యాదులాగా రాశారు. ఎప్పుడూ అడిగే పాస్‌వర్డ్ ఈసారి అడగలేదన్నదే ఆ వాక్యం. మీ ఆందోళనకు సమాధానం చాలావరకు అందులోనే ఉంది. పాస్‌వర్డ్ అడగలేదంటే డిస్క్‌ను తెరిచే దశ దాకా కెర్నెల్ చేరనే లేదు. తెరవని డిస్క్‌లో అది ఏదీ రాయలేదు, ఏదీ చెరపలేదు. మీరు ఆర్‌ఎం కమాండ్ వాడింది /బూట్‌లో మాత్రమే. ఎన్‌క్రిప్ట్ చేసిన ఉబుంటులో /బూట్ ఒక్కటి ఎన్‌క్రిప్ట్ కాని విడి విభాగం, అక్క ఫైళ్లున్న విభాగంతో దానికి సంబంధం లేదు. కాబట్టి మీరు రాసినది రాసినట్టే జరిగితే థీసిస్ ఉన్నచోటే ఉంది. హార్డ్‌డిస్క్ కరప్ట్ అయిందన్న షాపతని మాటకు మీరు చెప్పిన లక్షణాల్లో ఒక్క ఆధారమూ లేదు.

అసలేం జరిగిందో ముందు చెబుతాను, ఎందుకంటే అది తెలియకుండా ఏ మార్గం ఎంచుకున్నా చీకట్లో అడుగు వేయడమే అవుతుంది. మెషిన్ ఆన్ చేయగానే ఫర్మ్‌వేర్ గ్రబ్‌ను లేపుతుంది. గ్రబ్ /బూట్ లోంచి రెండు ఫైళ్లను మెమరీలోకి తెస్తుంది. ఒకటి వీఎంలినజ్ అన్న పేరుతో ఉండే కెర్నెల్, రెండోది ఇనిట్ఆర్‌డీ అన్న పేరుతో ఉండే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్. ఈ రెండోదాన్ని చాలామంది లెక్కచేయరు, మీ కథంతా మాత్రం దానిదే. ఉబుంటు కాన్ఫిగ్‌లో ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ కెర్నెల్‌లోనే కలిసి ఉంటుంది గానీ, ఎన్‌వీఎంఈ రకం డిస్కుల డ్రైవరు, సాటా రకం డిస్కుల ఏహెచ్‌సీఐ డ్రైవరు, ఎన్‌క్రిప్షన్‌ను విప్పే డీఎం-క్రిప్ట్ ఇవన్నీ విడి మాడ్యూళ్లు. ఆ మాడ్యూళ్లుండేది /లిబ్/మాడ్యూల్స్‌లో, అంటే తాళం వేసి ఉన్న అదే డిస్క్ మీద. ఇంట్లో తాళంచెవి మరిచిపోయి తలుపు లాగేసుకున్నట్టే ఇది. ఆ చెవికి ఒక నకలు తీసి బయట ఉంచడమే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ చేసే పని. అవసరమైన మాడ్యూళ్లు, పాస్‌వర్డ్ అడిగే చిన్న ప్రోగ్రాము, ఎల్‌వీఎంను (డిస్కును భాగాలుగా పంచే పొరను) లేపే పనిముట్లు అందులో ఉంటాయి. అది లేకుండా లేచిన కెర్నెల్‌కు ఒక్క డిస్కు కూడా కనబడదు. రూట్ ఎఫ్‌ఎస్, అంటే మీ సిస్టమ్ ఉన్న చోటు, దొరకలేదన్నదే ఆ సున్నా, సున్నా అన్న అంకెలకు అర్థం. ఎన్‌క్రిప్షన్ లేని మెషిన్‌లో డిస్కు కనబడి, దాని మీది ఫైల్‌సిస్టమ్ మాత్రం అర్థం కాకపోయి ఉంటే అక్కడ వేరే అంకెలు వచ్చేవి. సాటా డిస్కైతే మొదటి అంకె 8, ఎన్‌వీఎంఈ అయితే 259 ఉంటుంది. మీరు ఆ వరుసను ఫొటో తీసి, అంకెలతో సహా రాసి పంపడం చాలా మేలు చేసింది.

ఇనిట్ఆర్‌డీ ఎందుకు లేకుండా పోయిందో కూడా మీ ఉత్తరంలోనే ఉంది. ఉబుంటు కాన్ఫిగ్‌లో డీబగ్ సమాచారం ఆన్‌లో ఉంటుంది. ఆ కాన్ఫిగ్‌తో కట్టిన మాడ్యూళ్లను అలాగే ఇన్‌స్టాల్ చేస్తే ఆ సమాచారమంతా వాటితో వచ్చి కూర్చుంటుంది. ఉబుంటు వాళ్ల ప్యాకేజీలో దాన్ని తీసేసి ఇస్తారు కాబట్టి మామూలుగా ఈ బరువు మనకు తెలియదు. మీ మాడ్యూళ్లతో చేయబోయిన ఇనిట్ఆర్‌డీ కొన్ని వందల ఎంబీలకు ఉబ్బి, మీ చిన్న /బూట్‌లో పట్టక, సగంలో విఫలమైంది. విఫలమైన చోటే ఇన్‌స్టాల్ ఆగిపోయింది. అప్పుడు మీరు చోటు ఖాళీ చేశారు గానీ ఇనిట్ఆర్‌డీని తిరిగి చేయించలేదు. అప్‌డేట్-గ్రబ్ ఒక్కటే నడిపారు. అది ఉన్న ఫైళ్లను చూసి జాబితా రాస్తుంది తప్ప లేనిదాన్ని తయారుచేయదు, లేదని గట్టిగా హెచ్చరించదు కూడా. "ఫౌండ్ లినక్స్ ఇమేజ్" వరుస కింద ప్రతి కెర్నెల్‌కూ "ఫౌండ్ ఇనిట్ఆర్‌డీ ఇమేజ్" అన్న రెండో వరుస రావాలి. 6.6 కింద ఆ వరుస వచ్చి ఉండదు. వీడియో చూసి చేసేవాళ్లకు రాని వరుస కంటపడదు, అందులో ఆశ్చర్యం లేదు.

క్యాప్స్ లాక్ దీపం మిణుకుమనడం చూసి మదర్‌బోర్డు పోయిందేమోనని భయపడ్డానని రాశారు. ప్యానిక్ అయినప్పుడు తెర పనిచేయకపోయినా మనిషికి తెలియాలని కెర్నెల్ కావాలనే కీబోర్డు దీపాన్ని అలా ఆడిస్తుంది. అది హార్డ్‌వేర్ దోషం కాదు.

ఇదే పరిస్థితిలో మీకు నెట్‌లో ఒక సలహా తప్పక ఎదురవుతుంది. డ్రైవర్లన్నిటినీ మాడ్యూళ్లుగా కాక కెర్నెల్‌లోనే కలిపి బిల్డ్ చేస్తే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అక్కరలేదంటారు. ఎన్‌క్రిప్షన్, ఎల్‌వీఎం లేని మామూలు మెషిన్లకు ఆ మాట నిజమే. మీకు మాత్రం అది పనికిరాదు. డిస్క్ డ్రైవరు కెర్నెల్‌లో ఉన్నా, పాస్‌వర్డ్ అడిగి లక్స్ (లినక్స్‌లో డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) తాళాన్ని తీసి, లోపలి ఎల్‌వీఎంను లేపే పని కెర్నెల్ తనంతట తాను చేయదు. దానికి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లోని ప్రోగ్రాములే కావాలి. సెక్యూర్ బూట్‌ను కూడా అనుమానించనవసరం లేదు. అది అడ్డుపడి ఉంటే సంతకం చెల్లదంటూ గ్రబ్ దగ్గరే ఆగేది, ఇంతదూరం వచ్చేదే కాదు.

ఇక మార్గాలు. ఫార్మాట్ సంగతి ముందు తేల్చేస్తాను, ఎందుకంటే మిగిలిన మార్గాల్లో పొరపాటు జరిగినా వెనక్కి రావచ్చు, దీనిలో రాలేము. మామూలు డిస్కును పొరపాటున ఫార్మాట్ చేసినా, డేటా రికవరీ వాళ్లు ఎంతో కొంత బయటికి తీసే అవకాశం ఉండవచ్చు. ఎన్‌క్రిప్ట్ చేసిన డిస్కు సంగతి అది కాదు. మీ పాస్‌వర్డ్ నేరుగా డేటాను తెరవదు. విభాగం మొదట్లో ఉండే లక్స్ హెడర్‌లో అసలు కీ దాగి ఉంటుంది, పాస్‌వర్డ్ తెరిచేది దాన్నే. ఫార్మాట్ చేసి మళ్లీ ఎన్‌క్రిప్షన్‌తో ఉబుంటు వేస్తే కొత్త హెడర్ పాతదాని మీద పడుతుంది. అప్పుడు పాస్‌వర్డ్ మీకు కంఠతా వచ్చినా ఆ డిస్కులోంచి ఒక్క పేజీ కూడా తిరిగి రాదు. మీ స్నేహితుడు చెడు ఉద్దేశంతో చెప్పి ఉండడు, ఆయన మెషిన్‌కు అది పనికివచ్చే సలహాయే కావచ్చు. మీ మెషిన్ విషయంలో మాత్రం, అక్క ఫైళ్లు వేరే చోట తెరిచి చూసుకున్న తర్వాత తప్ప ఆ మాట ఎత్తవద్దు.

అన్నిటికంటె తేలికైన మార్గం, మీరు భయపడి ఆపేసిన ఆ జాబితాలోనే ఉండవచ్చు. అది గ్రబ్ మెనూ. కిందటి బూట్ సగంలో ఆగిపోయిందని గుర్తుపెట్టుకుని ఉబుంటు దాన్ని తనంతట తాను ముప్ఫై సెకన్లు చూపిస్తుంది. అందులో రెండో వరుసలో "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ ఫర్ ఉబుంటు" అని ఉంటుంది. దానిలోకి వెళితే మెషిన్‌లో మిగిలిన కెర్నెళ్ల పేర్లు కనిపిస్తాయి. 5.15తో మొదలయ్యే వరుస ఏదైనా ఉంటే, ఎంటర్ నొక్కే ముందు దాని మీద నిలబడి కీబోర్డు మీది ఇంగ్లీషు 'e' అక్షరం నొక్కండి. ఆ కెర్నెల్‌ను గ్రబ్ ఎలా లేపబోతోందో కొన్ని వరుసల్లో కనిపిస్తుంది. లినక్స్ అన్న పదంతో మొదలయ్యే వరుస తర్వాత ఇనిట్ఆర్‌డీ అన్న పదంతో మొదలయ్యే వరుస ఉందేమో చూసుకుని, ఎస్కేప్ నొక్కి వెనక్కి రండి. అక్కడ పొరపాటున ఏదైనా మార్చినా అది డిస్క్‌లోకి వెళ్లదు. 6.6 వరుసను కూడా అలాగే తెరిచి చూస్తే, నేను ఊహించినది నిజమో కాదో మీ కళ్లతోనే తేలుతుంది.

5.15కు రెండు వరుసలూ ఉంటే దానితో బూట్ చేయండి. పాస్‌వర్డ్ అడిగిందంటే గండం గడిచినట్టే. వరుస ఉన్నా ఆ ఫైలును మీరు తర్వాత తీసేసి ఉంటే గ్రబ్ ఫైలు దొరకలేదంటుంది, లేదా అదే ప్యానిక్ మళ్లీ వస్తుంది. దానివల్ల కొత్త నష్టమేమీ లేదు. జాబితాలో 6.6 తప్ప వేరే కెర్నెల్ లేకపోతే పాత కెర్నెల్ ఫైళ్లన్నీ మీ చేతుల్లోనే పోయాయని అర్థం. అప్పుడు తర్వాతి మార్గమే.

ఆ తర్వాతి మార్గం లైవ్ పెన్‌డ్రైవ్. వేరే కంప్యూటర్‌లో 22.04 ఐఎస్‌ఓ దించుకుని, ఎనిమిది జీబీల పెన్‌డ్రైవ్ మీద రాయించి, దానితో మీ ల్యాప్‌టాప్‌ను లేపాలి. లేవగానే వచ్చే తెరమీద "ట్రై ఉబుంటు" అన్నదే నొక్కాలి. పక్కనే "ఇన్‌స్టాల్ ఉబుంటు" అన్న బటన్ ఉంటుంది. దానివైపు చేయి పోనివ్వవద్దు. ఈ మార్గంలో ప్రమాదమంటూ ఉంటే ఆ బటన్ దగ్గరే ఉంది. డెస్క్‌టాప్ వచ్చాక ఫైల్స్ తెరిచి, ఎడమవైపు కనిపించే ఎన్‌క్రిప్టెడ్ డిస్కును నొక్కితే పాస్‌వర్డ్ అడుగుతుంది. సరైనది ఇస్తే మీ పాత ఫైల్‌సిస్టమ్ కనబడుతుంది.

ఇక్కడ నేను గట్టిగా చెప్పేదొకటే. రిపేరు మొదలుపెట్టకముందే కాపీ తీయండి. పాత కెర్నెల్‌తో లేచినా ఇదే మాట. అక్కగారి థీసిస్ ఫైళ్లు ఒక్కటే కాక ఆమె హోమ్ ఫోల్డర్ మొత్తాన్ని తీసుకోండి. ఆమె రిఫరెన్సులకు జొటెరో లాంటిది వాడుతుంటే ఆ డేటాబేసు వేరే ఫోల్డర్లో ఉంటుంది, డాక్యుమెంట్లు ఒక్కటే తెస్తే సేకరించిన రిఫరెన్సులన్నీ అక్కడే ఉండిపోతాయి. ఫాంట్లు, ప్రశ్నావళుల స్కాన్లు, మెయిల్ నుంచి దించుకున్న గైడు దిద్దుబాట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో ఆమెకే తెలుసు, మీకు తెలియదు. లైవ్ సెషన్‌లో చూస్తే ఆమె ఫోల్డర్ మీద తాళం బొమ్మ కనిపించవచ్చు. వేరే యూజర్ ఫోల్డర్ కాబట్టి అలా వస్తుంది. టెర్మినల్‌లో సుడోతో (అడ్మిన్ అధికారంతో) కాపీ చేయవలసి ఉంటుంది. కాపీ అయ్యాక ఒకటి రెండు అధ్యాయాలను వేరే కంప్యూటర్‌లో తెరిచి చివరి పేజీ దాకా చూసుకోండి.

సుడో అన్నాను గనుక, అక్క సంగతి ఇక్కడే మాట్లాడతాను. మీరు తెరవబోయేది ఆమె ఫోల్డరు. అందులో థీసిస్‌తో పాటు ఆమె ఉత్తరాలు, ఫొటోలు, డబ్బు లెక్కలు ఉంటాయి. మెషిన్ అడ్మిన్ మీరే కావచ్చు, అయినా అడగకుండా తెరవడానికి అది కారణం కాదు. మీ అమ్మగారి మాటలో ఆదుర్దా ఉంది, ఆమెను తప్పుపట్టను. కాని చెప్పకుండా దాచే మార్గంలో చిక్కులున్నాయి. ఆదివారం ఆమె వచ్చి ల్యాప్‌టాప్ ఆన్ చేసేసరికి అది బాగైపోయి ఉంటే సరే, లేకపోతే తెల్లటి అక్షరాల తెరను ఆమె మొదటిసారి ఒంటరిగా చూస్తుంది, మీకు తెలిసి కూడా చెప్పలేదన్న సంగతి ఆ వెంటనే తెలుస్తుంది. అంతకంటె ముఖ్యంగా, ఆమెకు చెబితేనే ఆమె మెయిల్‌లో గైడుకు పంపిన అధ్యాయాలున్నాయో లేదో, స్నేహితురాలికి ప్రింటుకు పంపిన ఫైలుందో లేదో బయటపడుతుంది. వేరే కాపీ లేదని మీరు రాశారు. అది మీ ఊహో, ఆమె చెప్పిన మాటో ఉత్తరంలో లేదు. నెల రోజుల గడువున్న పరిశోధకురాలు ఒక్క అధ్యాయం కూడా ఎవరికీ పంపకుండా ఉండడం అరుదు.

ఎలా చెప్పాలన్నది మీ ఇంటి పద్ధతిని బట్టి ఉంటుంది. "థీసిస్ పోయిందేమో" అని మొదలుపెట్టవద్దు, అది నిజం కూడా కాదు. "అక్కా, నేను చేసిన పనివల్ల ల్యాప్‌టాప్ లేవడం లేదు, నీ ఫైళ్లు చెడలేదు, బయటికి తీయడానికి నీ ఫోల్డర్ తెరవాలి, తెరవనా" అని అడిగితే అందులో దాపరికం లేదు, అనవసరపు భయమూ లేదు. గ్రబ్ మెనూలో ఏముందో చూసిన తర్వాత ఫోన్ చేస్తే మీ మాటలో కొంత స్థిమితం ఉంటుంది. చూడకముందే చేసినా తప్పు లేదు. రిపేరు ముగిసిన తర్వాత చెబుదామనుకుంటే మాత్రం ఫోల్డర్ తెరిచే అనుమతి అడగడానికి ఇంకేమీ మిగలదు.

కాపీ చేతికి వచ్చాక రిపేరు నిదానంగా చేయవచ్చు. పాత కెర్నెల్ లేచి ఉంటే పని చిన్నదే. 6.6 పేరుతో /బూట్‌లో ఉన్న మూడు నాలుగు ఫైళ్లను, /లిబ్/మాడ్యూల్స్‌లో దాని ఫోల్డరును తీసేసి, అప్‌డేట్-గ్రబ్ నడపాలి. మీరు ఆర్‌ఎంతో తీసేసిన పాత కెర్నెళ్లు ఇంకా ఉన్నాయనే, ప్యాకేజీల లెక్క చూసే ఆప్ట్ అనుకుంటూ ఉంటుంది. అక్కరలేనివాటిని ఆప్ట్‌తోనే తీసేయించి, కావలసినదాన్ని రీఇన్‌స్టాల్ చేయిస్తే లెక్క సరిపోతుంది. ప్యాకేజీగా వచ్చినదాన్ని చేత్తో చెరిపితే ఇలాంటి చిక్కే వస్తుంది.

పాత కెర్నెల్ లేకపోతే లైవ్ పెన్‌డ్రైవ్ నుంచే ఛ్రూట్ చేసి (డిస్కులోని మీ సిస్టమ్‌లోకి ప్రవేశించి) ఉబుంటు కెర్నెల్‌ను రీఇన్‌స్టాల్ చేయాలి. దీని మెట్లు చాలాచోట్ల దొరుకుతాయి గనుక వరుసగా రాయను. ఆ మెట్లు రాసేవాళ్లు తరచుగా వదిలేసే రెండు విషయాలు మాత్రం చెబుతాను. మొదటిది, ఫైల్స్‌లో నొక్కి తెరిచినప్పుడు ఎన్‌క్రిప్టెడ్ డిస్కుకు లక్స్ అని మొదలయ్యే పొడవాటి పేరు పడుతుంది. మీ సిస్టమ్‌లోని /ఈటీసీ/క్రిప్ట్‌ట్యాబ్‌లో రాసి ఉన్న పేరు వేరు, అది సాధారణంగా విభాగం పేరు చివర క్రిప్ట్ అని ఉంటుంది. ఈ రెండు పేర్లు కలవకపోతే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ చేసే ప్రోగ్రాము ఒక హెచ్చరిక మాత్రం ఇచ్చి, పాస్‌వర్డ్ అడిగే భాగాన్ని వదిలేసి ఫైలు తయారుచేస్తుంది. మీరు సంతోషంగా రీబూట్ చేస్తారు, ఈసారి ప్యానిక్ బదులు బిజీబాక్స్ అన్న చిన్న కమాండ్ షెల్ దగ్గర ఆగుతుంది. కాబట్టి క్రిప్ట్‌ట్యాబ్ చూసుకుని, డిస్కును మూసి, క్రిప్ట్‌సెటప్ కమాండ్‌తో సరిగ్గా ఆ పేరుతోనే మళ్లీ తెరవండి. రెండోది, ఛ్రూట్‌లోకి వెళ్లే ముందు అసలు /బూట్ విభాగాన్ని దాని చోట మౌంట్ చేయడం మరిచిపోతే, కొత్త ఫైళ్లన్నీ ఎన్‌క్రిప్టెడ్ డిస్కులోనే ఉన్న ఖాళీ /బూట్ ఫోల్డర్లో పడతాయి. ఎర్రర్ ఏదీ రాకపోవచ్చు, గ్రబ్‌కు మాత్రం ఆ ఫైళ్లు ఎన్నటికీ కనబడవు. రీబూట్‌కు ముందు /బూట్‌లో ఎంత చోటు మిగిలిందో డీఎఫ్‌తో చూసి, ఎల్‌ఎస్‌ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌తో కొత్త ఇనిట్ఆర్‌డీ లోపల క్రిప్ట్‌సెటప్, మీ డిస్కు డ్రైవరు రెండూ ఉన్నాయో లేదో వెతికి చూసుకోండి.

ఇదంతా ఒంటరిగా చేయడానికి చేయి ఆడకపోతే తెలిసినవాళ్లను కూర్చోబెట్టుకోవడం మరో మార్గం. లినక్స్ వాడే సహోద్యోగి ఉంటే సరే, లేదా హైదరాబాద్‌లో స్వేచ్ఛ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ బృందాల్లో ఇలాంటి పని చేసినవాళ్లు ఉంటారు. వీధి చివరి షాపుకు ఇవ్వడం ఆఖరి మాటగా పెట్టుకోండి. ఎక్కువ షాపుల్లో ఇలాంటి మెషిన్‌కు తెలిసిన వైద్యం విండోస్ వేయడమే, అది పైన చెప్పిన ఫార్మాటే. ఇవ్వక తప్పకపోతే అక్క ఫైళ్ల కాపీ తీసుకున్న తర్వాతే ఇవ్వండి, డిస్క్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఇవ్వవద్దు, పక్కన కూర్చుని మీరే కొట్టండి.

చివరి ప్రశ్న, కెర్నెళ్ల జోలికి వెళ్లాలా వద్దా అన్నది. వెళ్లండి. ఇంటర్వ్యూలో ఈసారి ఆ ప్రశ్న అడిగితే, బిల్డ్ చేశానని చెప్పడం కంటె సున్నా, సున్నా ఎందుకు వచ్చిందో చెప్పడమే అడిగినవాళ్లను ముందుకు వంగి వినేలా చేస్తుంది. కాకపోతే థీసిస్ సమర్పణ అయ్యేదాకా ఆ ల్యాప్‌టాప్ మీద కొత్త కెర్నెల్ ఇన్‌స్టాల్ చేయవద్దు. అక్కకు అభ్యంతరం లేని వేళల్లో క్యూఎంయూలో (కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌ను నడిపించే ప్రోగ్రాములో) చేసుకోవచ్చు. మీరు బిల్డ్ చేసిన బీజెడ్‌ఇమేజ్ అన్న కెర్నెల్ ఫైలును ఇనిట్ఆర్‌డీ ఇవ్వకుండా దానిలో నడిపితే సరిగ్గా ఇదే ప్యానిక్ ఒక కిటికీలో వస్తుంది, కిటికీ మూసేస్తే పోతుంది. తర్వాత బిజీబాక్స్‌తో ఒక బుల్లి ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను మీరే చేసి అందించి చూడండి, ఇప్పుడు మీకు అర్థం కానిదంతా చేతికి అందుతుంది. వేలకు కొనే కొత్త మెషిన్ అక్కరలేదు, ఎవరింట్లోనో మూలపడ్డ పాత డెస్క్‌టాప్ దొరికితే అసలు హార్డ్‌వేర్ మీద కూడా చేయవచ్చు.

సమర్పణ అయిపోయి, అక్క సరేనన్న తర్వాత ఆ ల్యాప్‌టాప్ మీదే మళ్లీ చేయాలనుకుంటే రెండు జాగ్రత్తలు తీసుకోండి. బిల్డ్‌ను డెబ్ ప్యాకేజీలుగా చేయించే బైండెబ్-పీకేజీ అన్న మేక్ టార్గెట్ ఒకటుంది. అది డీబగ్ సమాచారాన్ని వేరే ప్యాకేజీలోకి నెట్టేస్తుంది కాబట్టి ఇనిట్ఆర్‌డీ ఉబ్బదు, అక్కరలేనప్పుడు ఆప్ట్‌తో శుభ్రంగా తీసేయవచ్చు. మామూలు పద్ధతిలోనే ఇన్‌స్టాల్ చేయదలచుకుంటే మాడ్యూళ్ల ఇన్‌స్టాల్ దగ్గర ఇన్‌స్టాల్_మాడ్_స్ట్రిప్ విలువ 1 ఇవ్వండి. రెండోది, కొత్త కెర్నెల్‌ను ఎన్నడూ డిఫాల్ట్ చేయవద్దు. గ్రబ్ సెట్టింగుల్లో డిఫాల్ట్‌ను సేవ్‌డ్ అని పెట్టి, గ్రబ్-సెట్-డిఫాల్ట్‌తో పాత కెర్నెల్‌ను ఖాయం చేసి, కొత్తదాన్ని గ్రబ్-రీబూట్‌తో ఒక్కసారికి మాత్రం ఎంచుకోండి. కెర్నెల్ పారామీటర్లలో ప్యానిక్=10 చేర్చి ఉంటే, కొత్తది కూలిన పది సెకన్లకు మెషిన్ తనంతట తానే రీబూట్ అయి పాత 5.15తో లేస్తుంది, పాస్‌వర్డ్ అడుగుతుంది. అప్పుడు ల్యాప్‌టాప్ దగ్గర ఉన్నది మీరైనా అక్కైనా తేడా ఉండదు.